వెనకద్దంలో వెండి

కారు వెనకద్దానికి పట్టిన ఆవిరిని పోగొట్టే సన్నగీతలు ఉంటాయి కదా, వాటిని ఓసారి బయట నిలబడి చూడండి. చాలా కార్లలో అవి తేనెరంగులో ఉంటాయి. డిక్కీ ఎత్తి లోపలివైపు చూస్తే అవే గీతలు బూడిదరంగు. లోపల ఉన్నది వెండి. వెండిపొడి, గాజుపొడి కలిపిన ముద్దను పెళ్లికార్డు మీద అక్షరాల్లా స్క్రీన్ ప్రింటింగ్ చేసి, 600 డిగ్రీలు దాటిన కొలిమిలో అద్దంతో పాటే కాలుస్తారు. ఆ వేడికి కొంత వెండి గాజులోకి ఇంకి పసుపు తేలుతుంది.

ఇది తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఐరోపా చర్చి కిటికీల్లో దేవదూతల జుట్టుకీ, సాధువుల తల వెనక వెలుగుకీ ఉన్న పసుపు అచ్చంగా ఇదే!

14వ శతాబ్దానికి ముందు అక్కడి పనివాళ్లకు ఒక్కో రంగుకు ఒక్కో గాజుముక్క కావలసి వచ్చేది. ముక్కల్ని సీసపు పట్టీలతో అతకాలి. తెల్లని ముఖానికి బంగారు జుట్టు పెట్టాలంటే మధ్యలో నల్లటి సీసం అడ్డొచ్చేది. ఆ బాధ వెండి తీర్చింది. వెండి లవణాన్ని బంకమట్టిలో కలిపి, గాజు వెనకవైపు పూసి కాల్చేవాళ్లు. చల్లారాక మట్టి దులిపేస్తే పసుపు గాజులోనే ఉండిపోయేది. లేత నిమ్మపండు ఛాయ నుంచి ముదురు నారింజ దాకా తెప్పించగలిగేవాళ్లు. నార్మండీలో ల మెనీల్-విల్మాన్ అనే పల్లె చర్చి కిటికీలో 1313 నాటి పసుపు ఉంది. ఈజిప్టులోనైతే 8వ శతాబ్దంలోనే వెండి, రాగి మరకలతో గాజుపాత్రల మీద బొమ్మలు వేశారు.

ఉల్మ్ నుంచి బొలోన్యాకు వెళ్లిన జాకబ్ అనే సన్యాసి (1407–1491) అంగీ వెండి గుండీ ఊడి, కొలిమిలోని గాజు మీద పడి పసుపు మరక వేసిందనీ, విద్య అలా పుట్టిందనీ ఓ కథ. ఆయన పుట్టేనాటికే ఐరోపా కిటికీల్లో ఆ విద్యకు దాదాపు వందేళ్లు. అయినా మరకపడ్డ గాజును పారెయ్యకుండా పరిశీలించిన మనిషి కథ కాబట్టి నాకు చాలా ఇష్టం.

ఇక 1841కి వచ్చేద్దాం. ఇంగ్లండులో బీరు తయారుచేసే ఇంటి బిడ్డ జేమ్స్ జూల్, తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని తేల్చాడు. వెనకద్దం గీతలు వేడెక్కి ఆవిరిని పోగొట్టేది ఆ సూత్రంతోనే. కార్ల వెనకద్దం మీదికి మొదట్లో ఫ్యానుతో వేడిగాలి ఊదేవాళ్లు. తర్వాత వెండిగీతలు వచ్చి ఆ ఫ్యాన్లను సాగనంపాయి.

చర్చి కిటికీలో గాజు చీలితే పాతకాలపు పనివాళ్లు చీలిక వెంబడి సీసపు పట్టీ వేసి నిలబెట్టేవాళ్లు. ఇప్పుడు ఒక్క గీత తెగితే అద్దమంతా మార్చమంటున్నారు. బాగుచేసి వాడుకునే ఆ బుద్ధి పోయినందుకు నాకు నిజంగా బాధగా ఉంది.

నిజానికి తెగిన గీతను మనమే బాగుచేసుకోవచ్చు. గీతలన్నీ ఒకేసారి పనిమానేస్తే ముందు ఫ్యూజు, రిలే, ఎర్త్, అద్దం అంచున టంకం ఊడిన కనెక్షన్ చూడాలి. ఆవిరి ఒక్క పట్టీలోనే విడవకపోతే ఆ గీత తెగిందన్నమాట. స్విచ్ వేసి, వోల్టుమీటరు ఒక ప్రోబును ఎర్త్‌కి పెట్టి, రెండోదాని కొసకు గీత గీరుకోకుండా అల్యూమినియం ఫాయిల్ చుట్టి గీత వెంట జరపాలి. గీత బాగుంటే 12 వోల్టుల నుంచి మెల్లగా దిగుతూ నడిమధ్యన 6 దగ్గర ఉంటుంది. తెగినచోట 12 నుంచి అమాంతం సున్నాకు పడుతుంది. అక్కడ స్పిరిట్‌తో తుడిచి, గీతకు పైనా కిందా టేపు అంటించి, వెండి కలిసిన కండక్టివ్ పెయింటు పూసి ఆరనిస్తే కరెంటు మళ్లీ పారుతుంది.

2012లో సుప్రీంకోర్టు కారద్దాలకు ఫిల్మ్ వద్దంది. అయితే వెనకద్దం ఫిల్మును తీయడానికి బ్లేడుతో గీకితే గీతల్లోని వెండి కూడా లేచొస్తుంది. సబ్బునీళ్లతో బాగా నానబెట్టి, గీతల వెంబడే అడ్డంగా లాగి తీయాలి.