అధికారానంతర రచన – ప్రజాస్మృతి: పి.వి. నరసింహారావు చివరి ఎనిమిదేళ్లు (1996–2004)

వ్యాససంగ్రహం

భారత ప్రధానిగా 1991–96 మధ్య పనిచేసిన పి.వి. నరసింహారావును నేటి ప్రజాస్మృతి ప్రధానంగా ఆర్థిక సంస్కరణల కర్తగా నిలుపుకొంది. పదవి వీడిన తరువాత ఆయన సాగించిన రచన మాత్రం 1973లో ముఖ్యమంత్రి పదవి కోల్పోవడం, 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేత అనే రెండు వైఫల్యాల చుట్టూ తిరిగింది. ఆయన రాసుకున్న చరిత్రకూ, ఆయన గురించి సమాజం రాసుకున్న చరిత్రకూ మధ్య ఏర్పడిన ఈ అంతరాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పి.వి. నరసింహారావు, లోపలి మనిషి, అయోధ్య, భూసంస్కరణలు, ప్రజాస్మృతి, రాజకీయ వారసత్వం.

1. ఉపోద్ఘాతం

రాజకీయ నాయకుని వారసత్వం ఆయన పదవిలో ఉండగా చేసిన పనులతోనే స్థిరపడదు. పదవి పోయిన తరువాత న్యాయస్థానాలు ఏమి తేల్చాయి, సొంత పార్టీ ఏమి మరచిపోయింది, ఆ నాయకుడు స్వయంగా ఏమి రాసుకున్నాడు అనే మూడు అంశాలు కూడా దానిని రూపొందిస్తాయి. ఈ మూడూ పరస్పరం విభేదించిన సందర్భానికి పి.వి. నరసింహారావు జీవితం స్పష్టమైన ఉదాహరణ.

వరంగల్ జిల్లా లక్నేపల్లిలో 1921 జూన్ 28న జన్మించి, కరీంనగర్ జిల్లా వంగరకు దత్తత వెళ్లిన పి.వి., రాజకీయాలతో పాటు సాహిత్యాన్నీ జీవితాంతం అంటిపెట్టుకున్నారు. వరంగల్ నుండి వెలువడిన కాకతీయ పత్రికలో రచనలు చేశారు. నిజాం వ్యతిరేక పోరాటం నేపథ్యంగా ‘గొల్ల రామవ్వ’ కథ రాశారు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ నవలను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి, హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను ‘అబల జీవితం’ పేరుతో తెలుగులోకి అనువదించారు. కనుక పదవి పోయిన తరువాత ఆయన కలం పట్టడం అనుకోని పరిణామం కాదు. ఏ విషయంపై కలం పట్టారు, ఏ విషయాన్ని వదిలివేశారు అన్నదే ఇక్కడ పరిశీలించవలసిన అంశం.

2. పదవి తరువాత: న్యాయస్థానాల దశ

1996 ఏప్రిల్–మే నెలల్లో జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ 140 స్థానాలకు పరిమితమైంది. పి.వి. ప్రధాని పదవిని వీడారు. అదే సంవత్సరం సెప్టెంబరులో పార్టీ అధ్యక్ష పదవినీ, డిసెంబరులో పార్లమెంటరీ పార్టీ నాయకత్వాన్నీ వదులుకోవలసి వచ్చింది. 1998 ఎన్నికల్లో ఆయనకు పార్టీ టికెట్ కూడా లభించలేదు. నెహ్రూ–గాంధీ కుటుంబానికి వెలుపలి నుండి వచ్చి అయిదేళ్ల పదవీకాలాన్ని పూర్తిచేసిన తొలి కాంగ్రెస్ ప్రధాని రెండేళ్లు తిరగకుండానే పార్టీలో ఏ స్థానమూ లేని వ్యక్తిగా మిగిలారు.

ఆ తరువాతి కాలంలో అధిక భాగం కేసులతోనే గడిచింది. సెయింట్ కిట్స్ ఫోర్జరీ కేసులో ఆయనపై వచ్చిన ఆరోపణలు పూర్తి విచారణ దశకు చేరకముందే తొలగిపోయాయి. లఖూభాయ్ పాఠక్ మోసం కేసులో 2003 డిసెంబరులో నిర్దోషిగా బయటపడ్డారు. వీటన్నిటిలో జార్ఖండ్ ముక్తి మోర్చా ముడుపుల కేసు ప్రధానమైనది. 1993 జులై 28న లోక్‌సభలో ఆయన ప్రభుత్వంపై వచ్చిన అవిశ్వాస తీర్మానం 251–265 ఓట్ల తేడాతో వీగిపోయింది. ఆ సందర్భంలో కొందరు సభ్యులకు డబ్బు ముట్టిందన్నది ఆరోపణ. 2000 సంవత్సరంలో ప్రత్యేక న్యాయస్థానం ఆయనను దోషిగా నిర్ధారించి మూడేళ్ల శిక్ష విధించింది. ఒక మాజీ ప్రధానికి క్రిమినల్ కేసులో శిక్ష పడటం స్వతంత్ర భారతదేశంలో అదే మొదటిసారి. 2002 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది.

ఈ కేసు ఆయన వ్యక్తిగత చరిత్రను దాటి రాజ్యాంగ చరిత్రలోకి ప్రవేశించింది. ఆయన పేరుతోనే నమోదైన 1998 నాటి తీర్పులో సుప్రీంకోర్టు అయిదుగురు సభ్యుల ధర్మాసనం, లంచం తీసుకొని అందుకు తగ్గట్టు సభలో ఓటు వేసిన సభ్యులకు రాజ్యాంగం 105(2) అధికరణం రక్షణ ఇస్తుందని 3–2 మెజారిటీతో నిర్ణయించింది. లంచం ఇచ్చినట్లు ఆరోపణ ఎదుర్కొన్నవారికి ఆ రక్షణ వర్తించలేదు. నిర్దోషిగా తేలినా, న్యాయశాస్త్ర విద్యార్థులు ఆయన పేరును పార్లమెంటరీ అవినీతి చర్చతో జోడించి చదివే పరిస్థితి అప్పటినుండి కొనసాగింది.

3. ‘లోపలి మనిషి’: ముఖ్యమంత్రి వైఫల్యం

కేసుల నడుమనే 1998లో పి.వి. ఆంగ్ల నవల ‘ది ఇన్‌సైడర్’ వెలువడింది. కల్లూరి భాస్కరం అనువాదంతో ‘లోపలి మనిషి’గా తెలుగు పాఠకులకు చేరింది. కథానాయకుని పేరు ఆనంద్. ‘అఫ్రోజాబాద్’ అనే కల్పిత రాష్ట్రం కథాస్థలం. పాత్రల పేర్లు మారినా, నాటి ఆంధ్రప్రదేశ్ రాజకీయాలను గుర్తుపట్టడం తెలుగు పాఠకునికి కష్టం కాదు.

ప్రధానిగా దిగిపోయిన రెండేళ్లకు వచ్చిన పుస్తకం కావడంతో ఢిల్లీ రహస్యాలు బయటపడతాయని ఆశించినవారికి ఇది నిరాశ కలిగించింది. కథాకాలం 1970ల తొలినాళ్ల దగ్గరే ఆగిపోతుంది. నవలకు కేంద్రం భూమి. చట్టసభలో భూసంస్కరణలకు చేతులెత్తిన భూస్వామ్య నాయకులే వాటిని ఆచరణలో ఎలా నీరుగారుస్తారో ఈ నవల వివరిస్తుంది.

దీని వెనుక ఉన్న చరిత్ర తెలిసినదే. 1971 సెప్టెంబరు 30న ముఖ్యమంత్రి అయిన పి.వి., భూగరిష్ఠ పరిమితి చట్టానికి పూనుకున్నారు. 1972లో ఆమోదం పొందిన ఆ బిల్లు 1973 సంవత్సరపు 1వ చట్టంగా నమోదైంది. ఈలోగా 1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలను సమర్థిస్తూ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, దానిపై పి.వి. వ్యాఖ్య జై ఆంధ్ర ఉద్యమాన్ని రగిల్చాయి. 1973 జనవరిలో ఆయన పదవి పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. చట్టం వచ్చిన నెలలోనే దాని కర్త పదవి కోల్పోయారు. ఉద్యమానికి ప్రాంతీయ కారణాలు బలంగానే ఉన్నాయి. అయితే భూమి పోతుందన్న భయం కూడా అందులో పనిచేసిందన్న అభిప్రాయం చరిత్ర చర్చల్లో ఉంది. నవల ఈ రెండో కారణానికే ఎక్కువ బరువునిస్తుంది. ఇది నవలకు ఉన్న దృష్టికోణం, దాని పరిమితి కూడా. ఆత్మకథలో ఆధారాలు చూపవలసిన చోట కల్పన రచయితకు వెసులుబాటు ఇచ్చింది.

4. అయోధ్య గ్రంథం: ప్రధాని వైఫల్యం

పి.వి. తన మరణానంతరం ప్రచురించవలసిందిగా విడిచిపెట్టిన గ్రంథం ‘అయోధ్య: 6 డిసెంబరు 1992’. ఇది 2006లో వెలువడింది. ఇక్కడ కల్పన లేదు. పత్రాలు, పార్లమెంటు చర్చలు, కోర్టు ఆదేశాల ఆధారంగా సాగిన వాదన ఇది. మసీదు రక్షణకు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు, జాతీయ సమైక్యతా మండలికి హామీలు ఇచ్చింది. సమాఖ్య వ్యవస్థలో ఆ హామీలను కాదని, కూల్చివేత జరగకముందే 356వ అధికరణం ప్రయోగించడం సాధ్యం కాలేదన్నది ఆయన వాదన సారాంశం.

ఈ వాదనకు బలమైన ప్రతివాదం ఉంది. అవసరమైతే కట్టడాన్ని కేంద్రం స్వాధీనం చేసుకోవడానికి ముందస్తు ప్రణాళిక సిద్ధం చేశామని నాటి కేంద్ర హోంశాఖ కార్యదర్శి మాధవ్ గోడ్బోలే తన రచనల్లో పేర్కొన్నారు. అయోధ్యకు సమీపంలో కేంద్ర బలగాలు మోహరించి ఉన్నా కూల్చివేతను ఆపడానికి అవి ఉపయోగపడలేదు. రాజ్యాంగ పరిమితిని చూపి రాజకీయ నిర్ణయాన్ని వాయిదా వేశారా అన్న ప్రశ్నకు ఆ గ్రంథం పూర్తి సమాధానం ఇవ్వదు. పైగా రచయిత మరణించాక వచ్చిన గ్రంథం కనుక, ఎదురు ప్రశ్న వేయడానికి అవకాశం లేకపోయింది. లిబర్‌హాన్ కమిషన్ తన నివేదికను 2009 జూన్‌లో సమర్పించేనాటికి ఆయన మరణించి నాలుగున్నరేళ్లు గడిచాయి.

ఈ రెండు గ్రంథాలను పక్కపక్కన ఉంచితే ఒక విషయం స్పష్టమవుతుంది. 1991 జులై నాటి ఆర్థిక నిర్ణయాలపై ఈ స్థాయి గ్రంథమేదీ పి.వి. వెలువరించలేదు. విజయంగా లోకం చెప్పుకున్నదాన్ని ఆయన ఇతరులకు విడిచిపెట్టి, వైఫల్యంగా చెప్పుకున్నవాటికి సమాధానం రాయడంలో చివరి శక్తిని వినియోగించారు.

5. మరణం, విస్మరణ, పునఃప్రతిష్ఠ

2004 డిసెంబరు 23న ఢిల్లీలో పి.వి. మరణించారు. పార్థివదేహాన్ని కాంగ్రెస్ ప్రధాన కార్యాలయం లోపలికి తీసుకువెళ్లలేదు. వాహనం గేటు వెలుపలే ఆగింది. కుటుంబం ఢిల్లీలో అంత్యక్రియలు కోరుకున్నట్లు వినయ్ సీతాపతి రాసిన జీవితచరిత్ర నమోదు చేసింది. డిసెంబరు 25న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ తీరాన అంత్యక్రియలు జరిగాయి.

పునఃప్రతిష్ఠ తరువాతి దశాబ్దంలో మొదలైంది. ఆర్థిక సంస్కరణల పాతికేళ్ల సందర్భంలో జైరాం రమేశ్, సంజయ బారు, వినయ్ సీతాపతి పుస్తకాలు వెలువడ్డాయి. తెలంగాణ ప్రభుత్వం 2020 జూన్ 28 నుండి ఏడాది పాటు శతజయంతి ఉత్సవాలు నిర్వహించింది. భారతరత్న కోరుతూ 2020 సెప్టెంబరులో శాసనసభ తీర్మానం చేసింది. మజ్లిస్ పార్టీ ఆ తీర్మానాన్ని సమర్థించలేదు. హైదరాబాదు నగరంలోనే ఆయన స్మృతి ఏకరూపంగా లేదనడానికి ఇది నిదర్శనం. తెలుగుబిడ్డకు దక్కవలసిన గౌరవంగా ఒక వర్గం భావించినదాన్ని, కూల్చివేత గాయాన్ని మరువని మరో వర్గం అంగీకరించలేకపోయింది.

2024 ఫిబ్రవరి 9న భారతరత్న ప్రకటన వెలువడింది. మార్చి 30న పురస్కార ప్రదానం జరిగింది. ఈ రెండు తేదీల నడుమ, మార్చి 4న, సుప్రీంకోర్టు ఏడుగురు సభ్యుల ధర్మాసనం 1998 నాటి తీర్పును తోసిపుచ్చింది. లంచం తీసుకున్న చట్టసభ సభ్యునికి రాజ్యాంగ రక్షణ లేదని స్పష్టం చేసింది. రాజ్యం ఒక చేత్తో పురస్కారం అందిస్తున్న వారాలలోనే, ఆయన పేరుతో పాతికేళ్లు నిలిచిన న్యాయసూత్రాన్ని మరో చేత్తో తుడిచివేసింది.

6. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ఒకటి, పి.వి. విస్మరణ, పునఃప్రతిష్ఠ రెండూ ఎంపికతో కూడినవే. విస్మరించిన కాలం సంస్కరణలను పక్కన పెట్టింది. గౌరవించిన కాలం అయోధ్యను, ముడుపుల కేసును పక్కన పెట్టింది. రెండు, ఆయన అధికారానంతర రచనలు ఈ రెండు ఎంపికలకూ లొంగవు. భూసంస్కరణల పరాజయం ఆయన దృష్టిలో జీవితకాలపు ప్రశ్న. శతజయంతి ప్రసంగాలలో దానికి దక్కిన చోటు స్వల్పం. మూడు, ‘లోపలి మనిషి’ని తాళంచెవి నవలగా చదివి ఏ పాత్ర ఎవరో గుర్తించడంతో ఆగడం సరిపోదు. రాష్ట్ర రాజకీయాల్లో భూమికీ అధికారానికీ ఉన్న సంబంధంపై ఒక ముఖ్యమంత్రి ఇచ్చిన సాక్ష్యంగా, పక్షపాతంతో కూడిన సాక్ష్యంగానే, దానిని శాసనసభ చర్చలతో, భూచట్టాల అమలు చరిత్రతో పోల్చి చదవవలసి ఉంది.

విగ్రహం ప్రశ్నలను ముగిస్తుంది, గ్రంథం వాటిని తెరిచి ఉంచుతుంది. పి.వి. తన వెనుక గ్రంథాలను విడిచివెళ్లారు గనుక ఆయన వారసత్వాన్ని నిర్ణయించే పని పురస్కారంతో పూర్తికాలేదు. తెలుగు పరిశోధకులకు మిగిలిన పని అదే.