బోరులో మోటారుకి నాడి చూడటం ఎలా మొదలైంది?

పోస్టు కాస్త పెద్దది, తీరిగ్గా చదవండి.

పోయిన వేసవిలో మా బోరు మోటారు మూడోసారి పైకి తీయించాను. అంతకుముందు రెండుసార్లు వైండింగ్ చేయించినా మళ్లీ వేడెక్కి కాలిపోయింది. మూడోసారి రోటర్ విప్పి చూస్తే రెండు రాగి కడ్డీలు రింగు దగ్గర విరిగి ఉన్నాయి. అసలు జబ్బు అదీ. ఈలోపు మడి ఎండిపోయింది. మోటారు తీయకుండా పైనుంచే ఇది తెలుసుకునే దారి లేదా అని అప్పట్నుంచీ వెతుకుతున్నాను. ఉందండీ. దాని వెనుక రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

1980ల్లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల వాళ్లకి ఇదే చిక్కు వచ్చింది. అణువిద్యుత్ కేంద్రాల్లో మోటారుతో తిరిగే వాల్వులు ఉంటాయి. అక్కడికి మనిషి ఊరికే వెళ్లలేడు. కానీ మోటారుకి కరెంటు మోసే తీగ దూరంగా ఉన్న ప్యానెల్ దాకా వస్తుంది కదా! ఆ తీగకి క్లాంప్ తగిలించి, కరెంటులోని చిన్న చిన్న తేడాలను చదివారు. మన బోరు కూడా మనిషి దిగలేని చోటే. తీగ మాత్రం స్టార్టర్ దాకా వస్తుంది.

ఏం చదవాలో చూడండి. మన సబ్‌మెర్సిబుల్ మోటారులో అయస్కాంత క్షేత్రం నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, రోటర్ 2880 తిరుగుతుందనుకోండి. నూటికి 4 వెనకబడింది. కడ్డీ విరిగితే దానికి రెట్టింపు, అంటే నూటికి 8 వంతున, 50 హెర్ట్జ్‌కి అటూ ఇటూ రెండు చిన్న అలలు పుడతాయి: 46, 54. అసలు కరెంటులో అవి నూరో వంతు కూడా ఉండకపోవచ్చు. మామూలు అమ్మీటరుకి అంత చిన్న అల అందదు.

కలిసిపోయిన అలలను విడదీయొచ్చని చెప్పింది ఫ్రాన్సుకి చెందిన ఫోరియర్. వేడి ఎలా పాకుతుందో లెక్క కడుతూ 1807లో ఆ మాట చెప్పాడు, 1822లో పుస్తకం వేశాడు. కానీ లెక్క చాలా పెద్దది. 1024 కొలతలకి సుమారు పది లక్షల గుణకారాలు. 1963లో, రష్యా భూగర్భ అణుపరీక్షలను భూకంప యంత్రాలతో పట్టాలన్న చర్చల్లో టూకీ ఒక చిట్కా రాసుకున్నాడు. కూలీతో కలిసి 1965లో అచ్చు వేశాడు. పది లక్షలు కాస్తా సుమారు పదివేలకు దిగాయి. గౌస్ అదే దారిని 1805లోనే, చిన్న గ్రహాల కక్ష్యలు లెక్కిస్తూ కనిపెట్టాడు. అది 1866 దాకా అచ్చుకే రాలేదు!

లెక్క ఎంత వేగమైనా, విత్తనం శుద్ధి చేయకుండా చల్లితే ఏమవుతుందో మనకి తెలుసు. కరెంటు కొలతలకీ అంతే.

మొదటిది, మోటారు వేశాక స్టార్టింగ్ కరెంటు దిగి, నీళ్లు నిలకడగా పోసేటప్పుడే కొలవాలి.

రెండోది, కొలిచే వేగం. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరిగినట్టు కనిపిస్తుంది చూశారా? సెకనుకి 200 సార్లే కొలిస్తే 154 హెర్ట్జ్ అల 46 లాగా కనిపించి మోసం చేస్తుంది. అందుకే అంకెలుగా మార్చకముందే ఫిల్టర్ పెట్టి, కొలిచే వేగంలో సగానికి పైనున్న అలలను ఆపేయాలి.

మూడోది, నిడివి. ఒక సెకను కొలిస్తే 1 హెర్ట్జ్ తేడా దాకానే విడదీయగలం. లోడు తక్కువైతే ఆ అలలు 50కి మరీ దగ్గరకొస్తాయి, కాబట్టి పది సెకన్లయినా కొలవడం మంచిది.

నాలుగోది, అన్ని కొలతల సగటు తీసేయాలి. క్లాంప్ సున్నా కాస్త జరిగి ఉంటే ఆ తప్పు పోతుంది.

అసలు కీలకం ఐదోది. అలను మధ్యలో కోసేస్తే, గట్టు తెగిన మడిలా 50 బలమంతా పక్కకి పారి 46ని ముంచేస్తుంది. అందుకే కొలతల రెండు చివరలనూ మెల్లగా సున్నాకి దించుతారు. దీనికి దారి చూపింది ఆస్ట్రియా వాతావరణ శాస్త్రవేత్త హాన్. అంకెలు చదును చేయడానికి ఆయన మధ్యదానికి సగం, అటూ ఇటూ వాటికి పావు పావు వేసేవాడు. ఆయన పేరు మీదే బ్లాక్‌మన్, టూకీ 1958లో దీన్ని 'హానింగ్' అన్నారు. దీనివల్ల శిఖరం కొంచెం లావవుతుంది, నిడివి పెంచి సరిచేసుకోవాలి.

వాన లెక్కలు కట్టినాయన పద్ధతి ఇవాళ మన బోరులో విరిగిన కడ్డీని పట్టిస్తుందంటే ఆశ్చర్యమే కదా!

మన దగ్గర ఆ పరికరం లేకపోయినా ఒకటి చేయొచ్చు. స్టార్టర్‌లో ముల్లు ఉన్న అమ్మీటరుంటే గమనించండి. నీళ్లు నిలకడగా పోస్తున్నా, ఓల్టేజీ బాగున్నా, ముల్లు ఒకే తాళంలో వణుకుతుంటే అనుమానించాల్సిందే. బోరు గాలి పీల్చినా ముల్లు ఊగుతుంది, అదీ చూసుకోండి. ఈసారి మోటారు పైకి తీస్తే మాత్రం వైండింగ్ ఒక్కటే చూసి పంపించేయొద్దు. రోటర్ కూడా చూడమని దగ్గరుండి అడగండి. నేను రెండుసార్లు అడగలేదు.