పదమూడు ముద్ర ఉన్న ఫ్యాను

ఆ పేజీలో రెండే వరుసలున్నాయి. మొదటిది: 14 ఫ్యాను, 5200, 37 సెకన్లు. రెండోది: 13 ఫ్యాను, 5500, 31 సెకన్లు. పక్కన “అర కి.మీ.” అనీ, “26/13” అనీ రాసుంది. రెండో వరుస కింద పెన్సిలుతో రెండు ముక్కలు: “మొన్న పున్నమికి తగిలింది. కొంచెం వణుకు.” పైన మూలకి తేదీ వేశారు: 25–11, ఆదివారం. సంవత్సరం వెయ్యలేదు.

ఈ నోటుబుక్కు నాకు విజయవాడ ఆటోనగర్‌లో, పాత ఇంజను సామాన్ల మూటలో దొరికింది. 40 హార్స్‌పవర్ టూస్ట్రోక్ అవుట్‌బోర్డు ఇంజను విడిభాగాలవి. అదే మూటలో మూడు రెక్కల అల్యూమినియం ప్రొపెల్లరు కూడా ఉంది. బోటు నడిపేవాళ్ళు దాన్ని ఫ్యాను అంటారు. హబ్ మీద 11⅜ × 13 అని పోతలోనే పడిన ముద్ర. మొదటి అంకె వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లోనే. గట్టి చెక్కలో మర దిగినట్టు దిగితే ఫ్యాను ఒక్క చుట్టుకి ఎంత ముందుకి పోతుందో అదే పిచ్.

పేజీ చదివినప్పుడు అనుమానమేమీ రాలేదు. లెక్క కట్టాక వచ్చింది. 26/13 అంటే గేరు పళ్ళు. ఇంజను రెండు చుట్లు తిరిగితే ఫ్యాను ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 5500 తిరిగినప్పుడు ఫ్యాను 2750 తిరుగుతుంది. చుట్టుకి 13 అంగుళాల చొప్పున నిమిషానికి 908 మీటర్లు, అంటే గంటకి 54.5 కిలోమీటర్లు. అర కిలోమీటరు 31 సెకన్లలో దాటితే బోటు వేగం 58. ఫ్యాను నీళ్ళలో ఏమాత్రం జారకుండా నెట్టినా 54.5 దాటకూడదు. నిజానికి ఎంతో కొంత జారుతుంది కూడా. ఇలాంటి తేలికపాటి బోట్లలో ఆ జారుడు సాధారణంగా నూటికి పది, పదిహేను మధ్య ఉంటుంది. ఈ బోటు తనని నెట్టే మరనే దాటిపోయింది.

ముందు సంవత్సరం తేలాలి. ఈ శతాబ్దంలో నవంబరు 25 ఆదివారం నాడు వచ్చినవి 2001, 2007, 2012, 2018. “మొన్న పున్నమి” అన్న మాట పంచాంగంతో సరిపోవాలి. కార్తీక పున్నమి 2001లో నవంబరు 30న, 2012లో 28న వచ్చింది. ఆ రెండేళ్ళలోనూ 25 నాటికి పున్నమి ఇంకా రాలేదు. 2007లో 24న వచ్చింది. అప్పుడైతే “నిన్న” అని రాయాలి. 2018లో పున్నమి 23, శుక్రవారం. ఆదివారానికి అది సరిగ్గా మొన్నే.

ముందు పేజీలో ఒక బొమ్మ ఉంది. రెండు పడవలని పక్కపక్కన అతికించినట్టున్న బోటు, కింద 400, 10,500 అని అంకెలు. ప్రకాశం బ్యారేజీ ఎగువన ఎఫ్‌వన్ హెచ్‌టూఓ పవర్‌బోటు రేసు జరిగింది 2018 నవంబరు 16 నుంచి 18 వరకు. ఆ బోట్ల ఇంజను రెండున్నర లీటర్ల వీ6 టూస్ట్రోక్, 400 హార్స్‌పవర్, నిమిషానికి 10,500 చుట్లు. పంచాంగం చూపించిన ఏడాదినే బొమ్మ కూడా చూపిస్తోంది. అంతటితో సంవత్సరం తేల్చేశాను.

ఆ బొమ్మే నన్ను కొన్నాళ్ళు పక్కదారి పట్టించింది. రేసు జట్లు నీటికీ గాలికీ తగ్గట్టు ఫ్యాన్లు మారుస్తాయి. రెక్క అంచుని వెంట్రుక వాసి దిద్దినా వాళ్ళకి తేడా తెలుస్తుంది. రేసు ముగిసిన వారానికే ఇక్కడొక మామూలు బోటు అసాధ్యమైన వేగం పోయింది. ఈ రెంటినీ కలిపి కథ అల్లడం తేలిక. అల్లడానికి తగిన ఆధారం మాత్రం నోటుబుక్కులో ఒక్కటీ లేదు. బొమ్మ గీసినాయన గట్టు మీద నిలబడి చూశాడో, పేపర్లో అంకెలు చదివాడో కూడా నాకు తెలియదు. ఆ దారి వదిలేశాను.

తర్వాత దూరాన్ని అనుమానించాను. గట్టు మీది రెండు గుర్తుల మధ్య అర కిలోమీటరు లేదేమో. 13 ఫ్యాను నూటికి పది జారిందనుకుంటే వేగం 49 ఉండాలి, దానికి దూరం 422 మీటర్లే ఉండాలి. అదే దూరాన్ని మొదటి వరుసకి పెట్టి చూశాను. 14 ఫ్యాను వేగం 41కి పడిపోయింది, జారుడు నూటికి 26కి పోయింది. దూరం అర కిలోమీటరే అనుకుంటే మాత్రం 14 ఫ్యాను జారుడు 12, అంటే ఉండాల్సినంతే. ఒక వరుసని బాగుచేసే సవరణ రెండోదాన్ని పాడుచేస్తోంది. దూరంలో తప్పు లేదు.

ఇక్కడ నాకొక పనిముట్టు దొరికింది. రెండు పరుగులూ ఒకే రోజు, ఒకే బోటు, ఒకే ఇంజను, ఒకే దూరం. రెంటికీ ఉమ్మడిగా ఉన్నది ఏదైనా సరే, రెండో వరుసలో మాత్రమే వచ్చిన తేడాకి కారణం కాలేదు. ఇంజను చుట్లు చూపించే మీటరు ఉమ్మడిదే. అది తక్కువ చూపిస్తోందనుకుంటే రెండో పరుగులో ఇంజను 6500 తిరిగి ఉండాలి. ఇలాంటి ఇంజన్లకి 6000 దాటకూడదన్నది మామూలు హద్దు. మొదటి వరుస కూడా మళ్ళీ పాడవుతుంది. నది వాలు కూడా అంతే. గంటకి 9 కిలోమీటర్ల ప్రవాహం ఉంటేనే ఈ తేడా పూడుతుంది. అది వరద వేగం. అది నిజమైతే 14 ఫ్యానుకి మిగిలేది నలభైలోపే.

ట్యూనింగ్ మీద ఇంకొంచెం ఎక్కువసేపు ఆగాను. 24–11 నాటి పేజీలో “టైమింగ్ రెండు డిగ్రీలు ముందుకి, ప్లగ్గులు కొత్తవి” అని ఉంది. నిప్పురవ్వ కాస్త ముందు పడితే మంట ఒత్తిడి పిస్టన్‌కి సరైన సమయానికి అందుతుంది, ఇంజనుకి బలం వస్తుంది. మరీ ముందు పడితే నాకింగ్ వచ్చి పిస్టన్ దెబ్బతింటుంది. వేగం కోసం ఇంజను మీద చేసే పనుల్లో ఇది మొదటి వరుసలో ఉంటుంది. కానీ నేను కట్టిన లెక్కలో హార్స్‌పవర్ అన్న అంకే లేదు. ఎంత బలంతో తిప్పినా 2750 చుట్లకి 13 అంగుళాల మర 908 మీటర్లే పోతుంది. ట్యూనింగ్ చుట్లని పెంచగలదు. ఆ చుట్లు ఎన్నో పేజీలో రాసే ఉంది. పైగా ట్యూనింగ్ ముందురోజుది, రెండు పరుగులకీ ఉమ్మడిది. బోటులో బరువు తగ్గిందేమో అన్న ప్రశ్నకీ ఇదే జవాబు. బరువు తగ్గితే జారుడు తగ్గుతుంది కానీ సున్న కిందికి దిగదు.

మిగిలింది ఫ్యాను ఒక్కటే. ముద్ర 13 అంటోంది. ముద్రని కొలతగా తీసుకోవడం నేను చేసిన తప్పు.

పిచ్ కొలవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ఫ్యానుని చదునైన గాజుబల్ల మీద పడుకోబెట్టాను. మధ్య నుంచి అంచుకి ఉన్న దూరంలో పదింట ఏడు వంతుల దగ్గర వలయం గీశాను. ఆ వలయం మీద 40 డిగ్రీల ఎడంలో రెండు చుక్కలు పెట్టి, రెక్క మీద ఆ రెండింటికీ బల్ల నుంచి ఎత్తు కొలిచాను. 40 డిగ్రీలు అంటే పూర్తి చుట్టులో తొమ్మిదో వంతు. ఎత్తుల తేడాని తొమ్మిదితో గుణిస్తే పిచ్. ముద్ర నిజమైతే తేడా 36.7 మిల్లీమీటర్లు రావాలి. మొదటి రెక్కకి 44, రెండోదానికి 43.5, మూడోదానికి 44 వచ్చింది. సగటున 394 మిల్లీమీటర్ల పైన, అంటే పదిహేనున్నర అంగుళాలు. నా కొలత అర మిల్లీమీటరు తప్పినా ఫలితం అంగుళంలో అయిదో వంతు కూడా మారదు. మర్నాడు మళ్ళీ కొలిచాను, అవే అంకెలు వచ్చాయి.

పదిహేనున్నర పెట్టి లెక్క తిరగేశాను. 2750 చుట్లకి గంటకి 65 కిలోమీటర్లు. బోటు వేగం 58. జారుడు నూటికి 11. అదే బోటు, అదే రోజు, 14 ఫ్యానుతో జారుడు 12. రెండు వరుసలూ మొదటిసారి ఒకదానితో ఒకటి పొసిగాయి.

ఫ్యానుని ఆటోనగర్‌లోనే ఒక ఆర్గాన్ వెల్డింగ్ ఆయనకి చూపించాను. రెక్కల కొసల దగ్గర గీతలా ఉబ్బిన చోట గోటితో గీసి, “మూడు రెక్కలూ కట్టినవేనండీ ఇవి” అన్నాడు. మరి 13 అని ఉందే అన్నాను. “అంకె హబ్ మీద కదండీ ఉంది. రెక్క వంపు మారితే హబ్‌కేం తెలుస్తుంది?”

అప్పుడు ఆ పెన్సిలు వాక్యం గుర్తొచ్చింది. “మొన్న పున్నమికి తగిలింది.” కార్తీక పున్నమికి ఘాట్లలో జనం కిటకిటలాడతారు. బోటు వాళ్ళకి అది బేరాల రోజు. అందుకని “బేరం తగిలింది” అన్న అర్థంలో చదువుకున్నాను, తేదీ పట్టుకోవడానికి తప్ప ఆ వాక్యాన్ని వాడుకోలేదు. తగిలింది బేరం కాదు, రాయి. రాయో, దుంగో, మెట్టో నీటి కింద ఏదో ఒకటి. శుక్రవారం తగిలితే శనివారం రెక్కలు కట్టించి ఆదివారం పరుగు తీశారన్నది తేదీలకి సరిపోతుంది. “కొంచెం వణుకు” కూడా సరిపోతుంది. చేత్తో కట్టిన రెక్కలు వంపులోనో బరువులోనో సమానంగా లేకపోతే షాఫ్టు వణుకుతుంది. నా దగ్గరున్న ఫ్యానూ పేజీలోని ఫ్యానూ ఒకటేనని చెప్పే నంబరు ఏదీ లేదు. ముద్ర, వెల్డింగు, వణుకు, వేగం, ఈ నాలుగూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

ఒక ప్రశ్న ఇంకా తేలలేదు. పిచ్ అంగుళం పెరిగితే ఇంజను సుమారు 150 నుంచి 200 చుట్లు తగ్గుతుంది. నిజంగా పదిహేనున్నర ఉన్న ఫ్యాను 14 కంటే తక్కువ తిరగాలి. పేజీలో మాత్రం 300 ఎక్కువ తిరిగింది. అంటే ఇంజను మీద బరువు ఇంకెక్కడో తగ్గింది. కాలిపర్ తీసి వ్యాసం కొలిచాను. ముద్ర 11⅜. ఉన్నది పదిన్నర. విరిగిన కొసలని పూర్తిగా కట్టకుండా గుండ్రంగా రుద్ది వదిలేశారు. ఒకే ఆకారంలో ఉన్న ఫ్యాన్లకి, ఒకే చుట్ల దగ్గర, ఇంజను మీద పడే బరువు వ్యాసం అయిదో ఘాతంతో మారుతుంది. ఈ లెక్కన ఆ ముప్పాతిక పైచిలుకు అంగుళం పోయినందుకే మూడో వంతు బరువు తగ్గుతుంది. ఇక్కడ ఆకారం కూడా మారింది కాబట్టి ఈ అంకెని దారి చూపడానికే వాడుతున్నాను. దారి మాత్రం సరైనదే.

ఇంత దూరం వచ్చాక చాలామంది 1837 నాటి సంగతి గుర్తుచేస్తారు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే రైతు చెక్కతో చేసిన రెండు చుట్ల మరని పడవకి బిగించి పాడింగ్టన్ కాలువలో నడిపాడు. మర దేనికో తగిలి సగం విరిగిపోయింది, పడవ మునుపటికంటే వేగంగా పోయింది. ఉపమానంగా బాగుంటుంది. మన చిక్కుముడికి జవాబు కాదు. అక్కడ తగ్గింది మర పొడవు, దాంతో నీటి రాపిడి. ఇక్కడ తగ్గింది వ్యాసం, పెరిగింది పిచ్.

రెక్కలని అంత వంపుతో కట్టమని ఎవరైనా అడిగారా, సుత్తి దెబ్బకి అలా వచ్చిందా అన్నది నోటుబుక్కులో లేదు. లోహం చెప్పదు. వెల్డింగ్ ఆయన్ని అడిగితే రెండు విధాలుగానూ జరగొచ్చన్నాడు.

తర్వాతి పేజీ తేదీ 29–11. అందులో ఉన్నది రెండే మాటలు: “ప్యాసింజర్లకి 14.” వ్యాసం తగ్గిన ఫ్యాను జనం నిండిన బోటుని నీటి మీదికి లేపేటప్పుడు పట్టు చాలక ఎక్కువ జారుతుంది. ఆ మాటలకి అది సరిపోయే కారణమే కానీ, వాళ్ళు అందుకే మార్చారని రాయలేదు. ఆ తర్వాత పేజీల్లో 13 అన్న అంకె మళ్ళీ కనిపించలేదు.