పెళ్లిళ్లకు తిరిగే డీజేలు కంట్రోలర్ ఎలా ఎంచుకోవాలి? పాట ఆగకుండా ఉండాలంటే ఏం కావాలి?

సంగీత్, హల్దీ, రిసెప్షన్, బరాత్... పేరు ఏదైనా, ఇప్పటి పెళ్లి వేడుకల్లో డీజే బల్లకు ఒక స్థిరమైన చోటు ఏర్పడింది. అక్కడ పనిచేసే వ్యక్తి నుంచి పిలిచినవారు కోరేది ముఖ్యంగా ఒక్కటే: పాట ఆగకూడదు. క్లబ్బులో సంగీతం ఒక నిమిషం ఆగితే శ్రోతలు సర్దుకుంటారు. వధూవరులు వేదికపైకి నడిచి వస్తున్న క్షణంలో ఆగితే ఆ నిశ్శబ్దం పెళ్లి వీడియోలో శాశ్వతంగా మిగిలిపోతుంది. డీజేకు రావలసిన మిగతా సొమ్ముకూ, వచ్చే సీజన్ పిలుపులకూ అక్కడే గండి పడుతుంది.

అప్పు చేసి పరికరాలు కొని ఈ వృత్తిలోకి దిగే యువకుల చూపు సహజంగానే కంట్రోలర్ మీది బటన్లపైనా, రంగు దీపాలపైనా పడుతుంది. ఊరూరా తిరిగి పనిచేసేవారు వేసుకోవలసిన ప్రశ్న మాత్రం వేరు. ఏది చెడితే పాట ఆగుతుంది? అది చెడిన క్షణంలో చేతిలో ఇంకేముంటుంది? కొనుగోలు నిర్ణయమంతా ఈ రెండు ప్రశ్నల మీద ఆధారపడాలి.

కంట్రోలర్ అంటే ఏమిటి?

ఒకప్పుడు డీజే అంటే రెండు రికార్డు ప్లేయర్లు, మధ్యలో ఒక మిక్సర్. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఆ తరానికి ప్రామాణికమైన యంత్రం. 2001లో పయొనీర్ సంస్థ తెచ్చిన సీడీజే-1000 రికార్డు పళ్లెం స్థానంలో సీడీని నిలబెట్టింది. ఆ తర్వాత పాటలు కంప్యూటర్‌లోకి చేరాయి.

కంట్రోలర్‌లో రెండు జాగ్ వీల్స్, మిక్సర్, సౌండ్ కార్డు ఒకే పెట్టెలో ఉంటాయి. అయితే పాటలు ఉండేది లాప్‌టాప్‌లోనే. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ ఉండేదీ అక్కడే. కంట్రోలర్ దానికి చేతులవంటిది మాత్రమే. అందువల్ల ఎంత ఖరీదైన కంట్రోలర్ అయినా లాప్‌టాప్ మొరాయిస్తే మూగబోతుంది.

లాప్‌టాప్ అవసరం లేకుండా పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా పాటలు వినిపించే యంత్రాలు మరో తరగతి. ఎక్స్‌డీజే-ఆర్‌ఎక్స్3, డెనాన్ డీజే ప్రైమ్ 4 వంటివి ఈ కోవలోవి. వీటి ధర బాగా ఎక్కువ. కానీ ఆగిపోయే అవకాశం ఉన్న వస్తువు ఒకటి తగ్గుతుంది. ఇప్పుడే మొదలుపెట్టేవారికి మంచి లాప్‌టాప్, మధ్యస్థాయి కంట్రోలర్ సరిపోతాయి. నెలలో ఎక్కువ రోజులు వేదికల మీదే గడిపేవారికి రెండో తరగతి యంత్రం ఖర్చుకు తగిన ఫలితం ఇస్తుంది.

రెండు డెక్‌లా, నాలుగా?

పెళ్లి వేడుకలో ఒక పాట ముగుస్తుండగా రెండో పాట అందుకోవడమే ప్రధానమైన పని. దానికి రెండు డెక్‌లు చాలు. నాలుగు పాటల పొరలను ఒకేసారి పేర్చడం క్లబ్బు సంగీతంలో ఎక్కువగా కనిపించే నైపుణ్యం. అది రానివారికి నాలుగు డెక్‌ల కంట్రోలర్ అదనపు బరువు, అదనపు ఖర్చు.

ముందువైపు కాదు, వెనుకవైపు చూడాలి

కంట్రోలర్ కొనేముందు దాని వెనుకనున్న సాకెట్లను పరిశీలించడం ముఖ్యం. ఆర్‌సీఏ తీగలు ఇంటి వాడకానికి, నాలుగైదు మీటర్ల దూరానికి పనికివస్తాయి. అంతకంటే దూరం లాగితే జనరేటర్, లైటింగ్ తీగల నుంచి గుయ్యిమనే రొద అందులో చేరే ప్రమాదం ఉంది. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ తీగ అటువంటి రొదను రద్దుచేసే పద్ధతిలో పనిచేస్తుంది కాబట్టి హాలు ఈ చివర నుంచి ఆ చివరకు లాగినా ధ్వని శుభ్రంగా ఉంటుంది.

ఉదాహరణకు 2022లో వచ్చిన డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 నేర్చుకునేవారికి అనువైన రెండు డెక్‌ల కంట్రోలర్. దాని ప్రధాన ధ్వని ఆర్‌సీఏ ద్వారానే బయటికి వస్తుంది. మైక్‌కు ఒకే సాకెట్ ఉంది. అదే సంస్థ పెద్ద నమూనా ఎఫ్‌ఎల్‌ఎక్స్10లో ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు ఉన్నాయి.

మన పెళ్లిళ్లలో మైక్ చిన్న విషయం కాదు. యాంకర్ ప్రకటనలు, పురోహితుడి మంత్రాలు, పెద్దల ఆశీస్సులు, బంధువుల పాటలు అన్నీ దాని ద్వారానే వినిపించాలి. ఒకే మైక్ సాకెట్ ఉన్న కంట్రోలర్‌తో ఈ పని జరగదు.

తక్కువ ఖర్చుతో దీనికి ఒక పరిష్కారం ఉంది. కంట్రోలర్‌ను నేరుగా సౌండ్ బాక్సులకు కలపకుండా, మధ్యలో ఒక చిన్న అనలాగ్ మిక్సర్ ఉంచాలి. కంట్రోలర్, రెండు మైకులు, పాటలు నింపిన ఒక ఫోన్... అన్నీ ఆ మిక్సర్‌కే చేరాలి. లాప్‌టాప్ ఆగిపోతే ఒక మీట తగ్గించి, మరో మీట పెంచితే ఫోన్ నుంచి పాట కొనసాగుతుంది. మైక్ పనిచేస్తూనే ఉంటుంది. అతిథులకు తేడా తెలిసేలోగా లాప్‌టాప్‌ను తిరిగి తెరవవచ్చు. రెండో కంట్రోలర్ కొనలేనివారికి ఇదే నమ్మకమైన రక్షణ.

లాప్‌టాప్ విషయంలో జాగ్రత్తలు

వేడుకకు వాడే లాప్‌టాప్‌ను ఇతర పనులకు వాడకపోవడం మేలు. ఆటోమేటిక్ అప్‌డేట్లను ముందురోజే ముగించాలి. వేడుక సమయంలో నోటిఫికేషన్లు, నిద్రావస్థ సెట్టింగులు ఆపివేయాలి. పాటలను ఇంటర్నెట్ నుంచి అప్పటికప్పుడు వినిపించే పద్ధతిపై ఆధారపడకూడదు. వేలాది మంది చేరిన ప్రాంగణంలో మొబైల్ డేటా మందగించడం మామూలే. పాటల నకలు ఒక పెన్‌డ్రైవ్‌లోనూ, ఫోన్‌లోనూ ఉండాలి.

సాఫ్ట్‌వేర్ లైసెన్సు సంగతీ ముందే తెలుసుకోవాలి. కొన్ని కంట్రోలర్లతో పూర్తిస్థాయి సాఫ్ట్‌వేర్ ఉచితంగా వస్తుంది. మరికొన్నింటితో పరిమిత రూపమే వస్తుంది. ఇంట్లో ఉచితంగా వాడుకోగలిగిన వర్చువల్ డీజే వంటి సాఫ్ట్‌వేర్‌కు కూడా వృత్తిపరమైన వినియోగానికి లైసెన్సు కొనాలి.

కరెంటే మొదటి శత్రువు

ఫంక్షన్ హాల్‌లో కరెంటు పోయి జనరేటర్ అందుకునే కొన్ని క్షణాల్లో లాప్‌టాప్ బ్యాటరీపై నడుస్తుంది. మిక్సర్, విడిగా కరెంటు అవసరమయ్యే కంట్రోలర్ మాత్రం ఆరిపోతాయి. ఈ రెండింటికీ ఒక చిన్న యూపీఎస్ సరిపోతుంది. సౌండ్ బాక్సులను దానికి కలపకూడదు.

ఒక 6 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల వద్ద ఇవ్వగలిగేది 1,380 వాట్లే. ఆంప్లిఫైయర్లు, లైట్లు, పొగ యంత్రం అన్నీ ఒకే బోర్డుకు తగిలిస్తే ఫ్యూజు పోవడం ఖాయం. లైట్లకూ ధ్వనికీ వేర్వేరు లైన్లు అడిగి తీసుకోవాలి.

మూడు ఫేజుల జనరేటర్‌లో న్యూట్రల్ తీగ ఊడితే 230 వోల్టులు ఉండాల్సిన చోట 400 వోల్టుల దాకా రావచ్చు. ఆ ఒక్క క్షణం ఏళ్ల సంపాదనను కాల్చివేయగలదు. పరికరాలు కలిపే ముందు మల్టీమీటర్‌తో వోల్టేజి చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. రొద తగ్గుతుందని ఎర్త్ పిన్ను తీసివేయడం కొందరి అలవాటు. అది మైక్ పట్టుకున్న మనిషి ప్రాణానికే ముప్పు. రొదకు మందు డీఐ బాక్సు లేదా ఐసొలేటర్.

వాట్ల లెక్కలో మోసపోకుండా

ఆంప్లిఫైయర్ శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. 500 వాట్ల స్థానంలో 1,000 వాట్లు పెట్టినా చెవికి కొద్దిపాటి తేడాయే తెలుస్తుంది. మరోవైపు, ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే బాక్సుకు మీటరు దూరంలో 100 డెసిబెల్స్ ఉంటే 8 మీటర్ల దూరంలో ఉండేది 82. ముందు వరుసవారి చెవులు చిల్లులు పడేలా ఒకేచోట మోగించడం కంటే, చిన్న బాక్సులను హాలులో అక్కడక్కడా పంచి అమర్చడం మేలు. అందరికీ సమంగా వినిపిస్తుంది, మైక్ కూత కూడా తగ్గుతుంది.

ఇది ఆరోగ్యానికి సంబంధించిన విషయం కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. 100 డెసిబెల్స్ అయితే వారానికి సుమారు 20 నిమిషాలే. సీజన్‌లో దాదాపు ప్రతి రాత్రీ బాక్సుల పక్కన నిలబడే డీజేకు, అతని సహాయకులకు ఇయర్‌ప్లగ్‌లు అత్యవసరం. పోయిన వినికిడి తిరిగి రాదు.

చట్టం ఏం చెబుతోంది?

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. లౌడ్‌స్పీకర్‌కు అధికారుల రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు వాడకూడదు. మూసి ఉన్న హాలు లోపలి వినియోగానికి మినహాయింపు ఉన్నా, ప్రైవేటు స్థలం సరిహద్దు వద్ద ధ్వని ఆ ప్రాంత పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలం ఉంటుంది. 2024 అక్టోబరులో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధించారు.

పాటల హక్కుల సంగతి వేరు. 1957 కాపీరైట్ చట్టంలోని 52(1)(జెడ్‌ఏ) నిబంధన పెళ్లి ఊరేగింపుకూ, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలకూ మినహాయింపునిస్తోంది. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం ఈ విషయాన్ని ఒక ప్రకటనలో గుర్తుచేసింది. అయితే దీని పరిధిపై న్యాయస్థానాల్లో వివాదాలు నడిచాయి. కంపెనీల వేడుకలకు, నూతన సంవత్సర కార్యక్రమాలకు ఈ మినహాయింపు వర్తించదు. లైసెన్సు ఎవరు తీసుకోవాలో, అనుమతి ఎవరు తేవాలో ఒప్పంద పత్రంలోనే రాసుకోవడం క్షేమం.

డబ్బు ఏ వరుసలో ఖర్చు పెట్టాలి?

చేతిలో ఉన్న మొత్తమంతా కంట్రోలర్‌కే పెట్టకూడదు. ముందుగా నమ్మకమైన లాప్‌టాప్, ఆ తర్వాత రెండు డెక్‌ల కంట్రోలర్, చిన్న మిక్సర్, తీగ ఉన్న మైక్ ఒకటి, కార్డ్‌లెస్ మైక్ ఒకటి, యూపీఎస్, అదనపు తీగలు సమకూర్చుకోవాలి. పెద్ద సౌండ్ బాక్సులను తొలి సీజన్‌లో అద్దెకు తీసుకోవచ్చు. ప్రతి తీగకూ మరొకటి సంచిలో ఉండాలి. అతి చౌకైన తీగ తెగినా లక్షల విలువైన యంత్రం మూగబోతుంది.

కొత్త పరికరాలను మొదటిసారి పెళ్లిలో వాడకూడదు. ఇంట్లోనే అన్నీ కలిపి, నాలుగు గంటలు ఆపకుండా నడిపి చూడాలి. మధ్యలో కావాలనే లాప్‌టాప్ తీగ పీకి, ఎన్ని క్షణాల్లో పాట తిరిగి అందుకుంటుందో గడియారంతో లెక్కించాలి. ఆ సమయం అయిదు క్షణాలకు తగ్గేవరకు బయటి ఒప్పందం అంగీకరించకపోవడం మంచిది.