గవ్వ, సెడీ, డాలరు: ఘనా బజారు చెప్పే లెక్క

చేతిలో చిల్లిగవ్వ లేదంటే మనకు ఏమీ లేనట్టే. పశ్చిమ ఆఫ్రికా తీరంలో మాత్రం ఒకప్పుడు చిల్లి పెట్టిన గవ్వే అసలు డబ్బు. గవ్వలకు బెజ్జం వేసి, చాలాచోట్ల నలభయ్యేసి చొప్పున దారానికి గుచ్చి, ఆ దండలతో సరుకు కొనేవారు. ఆ గవ్వలు అక్కడి సముద్రంలో దొరికేవి కావు. మాల్దీవుల్లో ఏరినవి హిందూ మహాసముద్రపు రేవుల మీదుగా యూరపు ఓడలెక్కి అక్కడికి చేరేవి. బానిసలుగా అమ్ముడైన మనుషులకు కట్టిన వెలలోనూ ఆ గవ్వలున్నాయి. నేటి ఘనా కరెన్సీ పేరు సెడీ. అకాన్ భాషలో గవ్వను పిలిచే మాట నుంచే ఆ పేరు వచ్చింది.

ఒక సెడీకి బజారులో ఎంత వస్తుంది, డాలరులో చెప్పాలంటే అది ఎంత? చూడటానికి చిన్న ప్రశ్న. అరవయ్యేళ్లలో ఘనా ప్రజలకు దీనికి ఎన్ని జవాబులు వచ్చాయో చూస్తే, ఒక పేద దేశపు ఆదాయాన్ని డాలర్లలో రాసే ప్రతి పట్టికనూ రెండోసారి చదవాలనిపిస్తుంది.

బ్రిటిషు పాలనలో ఈ ప్రశ్నే లేదు. 1912లో ఏర్పడ్డ పశ్చిమ ఆఫ్రికా కరెన్సీ బోర్డు ముద్రించిన పౌండు, లండను పౌండుతో సమానంగా చెల్లేది. రాజధాని అక్రా వీధుల్లో జనాన్ని మోసే ట్రోట్రో వ్యాన్లకు ఆ పేరు అప్పటి చార్జీ వల్లే వచ్చిందంటారు. అక్కడి గా భాషలో ‘ట్రో’ అంటే మూడు పెన్నీలు. 1957లో స్వాతంత్ర్యం వచ్చింది. 1965లో తొలి అధ్యక్షుడు ఎన్‌క్రుమా ప్రభుత్వం సెడీని తెచ్చింది. ఒక సెడీ అంటే వంద పాత పెన్నీలు. మరుసటి ఏడే ఎన్‌క్రుమా పదవి పోయింది. 1971 డిసెంబరులో ప్రధాని బుసియా సెడీ విలువను నలభై శాతానికి పైగా కోస్తే, మూడు వారాలు తిరక్కుండానే సైన్యం ఆయన్ని దింపేసింది. ఆ తరవాత వచ్చిన పాలకులకు మారకపు రేటును ముట్టుకోవాలంటేనే భయం.

ఆ భయానికి జనం కట్టిన మూల్యం చాలా పెద్దది. 1978 నుంచి 1983 దాకా డాలరుకు 2.75 సెడీలన్నదే సర్కారు రేటు. బయట బ్లాక్ మార్కెట్టులో చివరికి అది అరవై దాటింది. ఒక సరుకు వంద సెడీలనుకోండి. సర్కారు రేటున అది 36 డాలర్లు, బయటి రేటున రెండు డాలర్లు కూడా కాదు. మొదటి లెక్కన అక్రా లోకంలోకెల్లా ఖరీదైన ఊళ్లలో ఒకటి, రెండో లెక్కన బాగా చవకైన ఊరు. రెండూ ఒక్క రోజు లెక్కలే.

సబ్బు, చక్కెర, పాలడబ్బా వంటి వాటికి సర్కారు ధర కట్టింది. ఆ ధరకు సరుకు దొరకదు. దొరికినచోట ఆ ధర ఉండదు. ఈ అడ్డదారి వ్యాపారానికి జనం పెట్టుకున్న పేరు ‘కలబులే’. కోకో రైతుకు మార్కెటింగ్ బోర్డు ఇచ్చే సెడీలతో ఏమీ రాక, బస్తాలు రాత్రిళ్లు సరిహద్దు దాటి ఐవరీ కోస్టుకూ టోగోకూ పోయాయి. 1979 ఆగస్టులో ధరలు పెంచేది బజారు వ్యాపారులేనంటూ సైనికులు అక్రాలోని మకోలా మార్కెట్టును నేలమట్టం చేశారు. అక్కడ దుకాణాల్లో చాలావరకు ఆడవాళ్లవే. లోపం సర్కారు రేటులో ఉంటే దెబ్బ గంప పెట్టుకున్న ఆడమనిషి మీద పడింది. ఈ మొత్తం కథలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఈ ఘట్టమే. మార్కెట్టు కూలింది గాని ధరలు దిగలేదు. 1983లో కరవు, కార్చిచ్చులు ముంచుకొచ్చాయి. నైజీరియా వెళ్లగొట్టిన లక్షలాది ఘనావాసులు ఇంటికి చేరిందీ ఆ ఏడే. ధరలు నూటికి 120 పైగా పెరిగాయి. చిక్కి శల్యమైన మనుషుల మెడ కింద పొడుచుకొచ్చిన ఎముకలకు జనం దేశాధినేత రాలింగ్స్ పేరు పెట్టి ‘రాలింగ్స్ గొలుసు’ అన్నారు.

ఆ ఏప్రిల్లోనే ఆర్థిక మంత్రి క్వేసి బోచ్వే సంస్కరణలు మొదలుపెట్టారు. మూడేళ్లలో డాలరు 90 సెడీలకు చేరింది. 2007కల్లా తొమ్మిది వేలు దాటడంతో, నాలుగు సున్నాలు కొట్టేసి కొత్త సెడీ ఇచ్చారు. విలువ మాత్రం అదేనని ఊరూరా ప్రచారం చేశారు.

మారకపు రేటును నమ్మలేనప్పుడు మరి దేన్ని నమ్మాలి? స్వీడను ఆర్థికవేత్త గుస్తావ్ కాసెల్ 1918లో ప్రచారంలోకి తెచ్చిన మాట కొనుగోలు శక్తి సమానత. ఒకే గంప సరుకు రెండు దేశాల్లో కొనడానికి ఎంతెంత అవుతుందో చూసి ఆ నిష్పత్తిలో డబ్బును కొలవడం దీని పద్ధతి. 1968లో ఇర్వింగ్ క్రావిస్ ఆధ్వర్యంలో మొదలైన అంతర్జాతీయ ధరల పోలిక తొలి విడతలో ఉన్నవి పదే దేశాలు. వాటిలో మన దేశం ఉంది, ఆఫ్రికా నుంచి కెన్యా ఒక్కటే ఉంది. 2005 విడతకు గాని ఆఫ్రికా దేశాలు 48 చేరలేదు.

ఈ పోలిక కోసం బజారులో ధర రాసుకోవడం తేలిక పని కాదు. ఘనాలో ధాన్యం, కర్రపెండలంతో చేసే గారీ కొలిచేది ఒలోంకా అనే డబ్బాతో, మన మానిక, సోల లాంటిదన్నమాట. మొక్కజొన్న పిండి పులియబెట్టి చేసే కేంకీ ముద్ద ధర నెలల తరబడి మారకపోవచ్చు, ముద్ద చిన్నదవుతుంది. తూకం వేయకుండా రాసుకున్న ధర తప్పుడు ధరే.

2011 విడత తేల్చింది మనం ప్రత్యేకంగా చూడాలి. మారకపు రేటున ఘనా, భారత్ రెండింటి తలసరి ఆదాయమూ ఇంచుమించు ఒకటే, పదిహేను వందల డాలర్ల పైచిలుకు. కాని అమెరికా ధరలు వంద అనుకుంటే మన ధరలు సుమారు 32, ఘనా ధరలు సుమారు 46. అంటే అదే డబ్బుతో మన దగ్గర మూడు గంపలు నిండితే అక్కడ రెండే నిండుతాయి. పేద దేశాల్లో కూలి తక్కువ కాబట్టి అన్నీ చవకే అన్నది పాఠ్యపుస్తకాల మాట. ఆఫ్రికాలో చాలా దేశాలకు, ముఖ్యంగా తిండి విషయంలో, ఆ మాట సరిపోదు. అంగోలా రాజధాని లువాండా విదేశీ ఉద్యోగులకు అత్యంత ఖరీదైన నగరంగా కొన్నేళ్లు పట్టికల్లో మొదట నిలిచింది.

కారణాలు బజారులోనే కనబడతాయి. అక్రాలో అమ్మే టమాటాల్లో చాలా భాగం బుర్కినా ఫాసో నుంచి లారీల్లో వందల మైళ్లు వస్తుంది. బియ్యం ఆసియా నుంచి వస్తుంది. మందుల్లో పెద్ద వాటా మన దేశానిది. కరెంటు వచ్చిపోయే ‘డుంసోర్’ రోజుల్లో ప్రతి దుకాణం జనరేటరు డీజిలు ఖర్చు సరుకు మీదే వేసింది. మంచి పేటల్లో అద్దె డాలర్లలో అడుగుతారు, అదీ రెండేళ్లది ముందే.

2010 నవంబరులో లెక్కల ప్రాతిపదిక సంవత్సరం మార్చగానే ఘనా స్థూల ఉత్పత్తి సుమారు 60 శాతం పెరిగి, దేశం మధ్యాదాయ వర్గంలో చేరింది. ఆ రాత్రి ఎవరి కేంకీ ముద్దా పెద్దది కాలేదు. ప్రపంచ బ్యాంకు గీసే పేదరికపు గీత రోజుకు 1.25 డాలర్ల నుంచి 1.90కి, 2.15కి, ఇప్పుడు 3కి జరిగింది. ఈ గీతకు ఆధారమైన కొనుగోలు శక్తి లెక్క దేశమంతటి సగటు గంపది. తిండికే సంపాదనంతా పోసే మనిషి గంప అది కాదు. ఘనా ఉత్తర ప్రాంతం నుంచి వచ్చి అక్రా మార్కెట్లలో నెత్తిన బరువులు మోసే కయాయె ఆడపిల్లల గంపను వేరుగా కొలవాలి. ఆ పని చేయని లెక్కను పేదరికపు లెక్క అనడం నాకు సమ్మతం కాదు.

2022 డిసెంబరులో ధరల పెరుగుదల 54 శాతం దాటింది, దేశం విదేశీ అప్పుల్లో చాలావాటి చెల్లింపు ఆపేసింది. పుట్టినప్పుడు డాలరు కంటే విలువైన కొత్త సెడీ 2024 చివరికి డాలరుకు పదిహేను దాకా దిగజారింది. 2025లో బాగా కోలుకుంది. ఆ మే నెలలో ట్రోట్రో చార్జీలను 15 శాతం తగ్గిస్తున్నట్టు రవాణా సంఘాలు ప్రకటించాయి. బజారులో ధరల పెరుగుదల మాత్రం ఆ నెల కూడా 18 శాతం పైనే ఉంది.