రొదకు వెఱచి విడిచిన తరంగములు

రేడియోను జీవనోపాధిగాఁగాక వేడుకగా నేర్చి, ప్రభుత్వపు అనుమతి పొంది, తమ యింటనే యంత్రము నమర్చుకొని దూరదేశస్థులతో సంభాషించువారు కొందఱు కలరు. వారిని ఔత్సాహికులనియు, వాడుకలో హాములనియు నందురు. పట్టణములందలి హాములు పలువురు నేడు తక్కువ పౌనఃపున్యములను విడిచి పై వాటికి తరలిపోవుచున్నారు. కారణమడిగిన రొద యందురు. ఈ రొద తగవు క్రొత్తది కాదు, నూఱేండ్లకు మించినది.

పౌనఃపున్యమనగా తరంగము సెకనున కెన్నిమారు లూగునో ఆ లెక్క. అది తగ్గినకొలది తరంగము పొడుగగును. సెకనునకు 15 లక్షలమారు లూగు తరంగము పొడుగు 200 మీటర్లు.

అమెరికాలో తొలినాళ్ల హాముల యంత్రము నిప్పురవ్వలతో పనిచేసెడిది. తంబుర తీగ మీటిన నొక్క శ్రుతియే పలుకును; డప్పు కొట్టిన వాడయంతయు నదరును. రవ్వయంత్రము డప్పువంటిది. ఊరిలో నొక కుఱ్ఱవాడు మీట నొక్కిన నౌకాదళమువారి వార్త మునిగిపోయెడిది. 1912 ఏప్రిలులో టైటానిక్ ఓడ మునిగిన దినముననే, ప్రయాణికులందఱు సురక్షితులనియు, ఓడను లాగుకొని వచ్చుచున్నారనియు పత్రికలలో అసత్యవార్త పడెను. గాలిలో కలగాపులగమైన సంకేతములకు హాములే కారకులని నింద వచ్చెను. ఆ నింద సగపాలైన న్యాయము కాదని నా తలంపు. అయినను శాసనము రానే వచ్చెను. అదే యేడు ఆగస్టున, ఔత్సాహికులు 200 మీటర్లకు మించని తరంగములతోనే సరిపెట్టుకొనవలెనని నిర్ణయమయ్యెను.

చవిటిపఱ్ఱ నిచ్చి దున్నుకొనుడన్నట్లే యయ్యెను. అంత పొట్టి తరంగములు దూరము పోవని ఆనాటి పండితుల నమ్మకము. హాములు మాత్రమా నేలనే దున్నిరి. 1921 డిసెంబరులో పాల్ గాడ్లీ యను అమెరికా హాము స్కాట్లండున ఆర్డ్రోసన్ వద్ద గుడారము వేసికొని, ఎముకలు కొఱకు చలిలో కూర్చుండి, అట్లాంటికు ఆవలినుండి స్వదేశపు హాముల సంకేతములను వినెను. 1923 నవంబరులో ఫ్రాన్సునందలి లియోన్ డెలోయ్, అమెరికాయందలి ఫ్రెడ్ ష్నెల్ సుమారు 100 మీటర్ల తరంగముపై సముద్రమున కిరువైపులనుండి ఉత్తర ప్రత్యుత్తరములు జరిపిరి. అది చూచి పెద్ద కంపెనీలు పరుగెత్తి వచ్చెను. 1927 నాటికి మన దేశమునకును ఇంగ్లండునకును నడుమ పొట్టి తరంగములపై వార్తలు నడవసాగెను. చవిటినేల బంగారము పండెనన్నమాట.

పొడుగు తరంగములలో హాములకు మిగిలినది ముఖ్యముగా 160 మీటర్ల బాండు. రెండవ ప్రపంచయుద్ధమున ఓడలకు దారి చూపు లొరాన్ యంత్రములు దాని నాక్రమించెను. యుద్ధానంతరమును అమెరికా హాములు చాలకాలము ఆంక్షలతోనే దానిని వాడుకొనవలసివచ్చెను. ఆ లొరాన్ 1980 ప్రాంతమున మూతపడినది. పీడ విరగడయైనదని సంతోషించిన కొన్నాళ్లకే క్రొత్త శత్రువు ఇంటిలోనే పుట్టెను.

ఎల్.ఈ.డి. దీపము, సెల్‌ఫోను ఛార్జరు, సౌరఫలకముల ఇన్వర్టరు మొదలగునవి విద్యుత్తును సెకనునకు వేలమారులు తుంచి తుంచి వాడుకొనును. ఆ తుంపుడు తరంగములను పుట్టించును. ఇంటి కరెంటు తీగలే వాటిని వెదజల్లును. సరియైన వడపోత భాగములు వేసిన దీపము చాలవఱకు నిమ్మళముగా నుండును. చౌకదీపములో నవి తఱచుగా నుండవు. నేను కొన్న దీపమొకటి వెలిగినంతసేపు మా రేడియోలో తుమ్మెద రొద తప్ప మఱేమియు వినరాదయ్యెను. ఇట్టి రొద పౌనఃపున్యము తగ్గినకొలది హెచ్చు. వేసవి సాయంకాలముల మెఱుపుల చిటపటలును ఈ తరంగములనే యెక్కువగా బాధించును. కాని మెఱుపు వచ్చి పోవును. దీపము రాత్రియంతయు వెలుగును.

160 మీటర్ల తరంగమునకు సగము పొడుగు తీగ కట్టవలెనన్నను 80 మీటర్లు కావలె. పట్టణపు పెరటిలో నంత చోటేది? తీగను ఇంటి నానించి కట్టిన, ఇంటి రొదయంతయు దానిలోనే పడును. అట్టి హాము మాట యితరులకు వినబడును గాని వారి మాట యితనికి వినబడదు. వారి పరిభాషలో నట్టివాడు మొసలి: నోరు పెద్దది, చెవులు చిన్నవి. ఎదుటివాడు పిలిచి పిలిచి విసుగును. ఇతడును విసిగి బాండు విడుచును.

పోయిన పోనిమ్మనుటకు వీలులేదు. 80, 40 మీటర్ల తరంగములను నిట్టనిలువుగా పైకి పంపిన, ఆకాశపు పొరను తాకి చుట్టు రెండు మూడు వందల మైళ్లలో వానవలె దిగును. పై బాండ్లు దూరదేశములకు పోవును గాని పొరుగు జిల్లాను దాటిపోవును. గాలివానకు ఫోను స్తంభములు కూలిననాడు జిల్లానుండి జిల్లాకు కబురు పంపుటకు పొడుగు తరంగములే తగినవి. కోస్తావారికి తుపాను సంగతి నేను చెప్పనక్కఱలేదు.

అందుచేతనే కొందఱు హాములు రాత్రులందు యంత్రములను మోసికొని పల్లెపొలములకు పోవుచున్నారు. మీ యూర నిశ్శబ్ద మెంత మిగిలినదో చూడదలచిన, చీకటి పడిన తరువాత బ్యాటరీ రేడియోలో మీడియంవేవున స్టేషను లేనిచోట ముల్లు నిలిపి, ఇంటి దీపముల నొక్కొక్కటిగా ఆర్పుడు. ఏది ఆర్పినపుడు రొద యాగునో దొంగ అదియే.