జగ్గయ్యపేటలో 9 ఎన్నికలు.. గెలిచింది ముగ్గురే! నందిగామ రికార్డు వేరు

జగ్గయ్యపేటలో 1985 నుంచి 2024 దాకా 9 అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి. గెలిచింది ముగ్గురే. నెట్టెం రఘురాం (1985, 1989, 1994), సామినేని ఉదయభాను (1999, 2004, 2019), శ్రీరాం రాజగోపాల్ తాతయ్య (2009, 2014, 2024). తలా మూడుసార్లు!

పక్కనే ఉన్న నందిగామ కథ వేరు. 1994లో గెలిచిన దేవినేని వెంకటరమణ 1999లో రైలు ప్రమాదంలో చనిపోయారు. తమ్ముడు ఉమామహేశ్వరరావు 1999, 2004లో గెలిచారు. 2009 నాటికి సీటు ఎస్సీ రిజర్వుడ్ కావడంతో ఆయన మైలవరం వెళ్లారు. 2009, 2014లో తంగిరాల ప్రభాకరరావు గెలిచారు. రెండోసారి గెలిచిన కొద్ది వారాలకే ఆయన కన్నుమూశారు. ఉప ఎన్నికలో కూతురు సౌమ్య 74 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. 2019లో మొండితోక జగన్మోహనరావు, 2024లో మళ్లీ సౌమ్య.

ఈ లెక్కలు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోని గణాంక నివేదికల్లో ఉంటాయి. 2022 ఏప్రిల్ నుంచి ఈ రెండు సీట్లూ ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. పాత రికార్డులైతే కృష్ణా జిల్లా కింద వెతకాలి.

అయితే ఆ నివేదికల్లో ఓట్లే ఉంటాయి, ఊళ్లో ఇచ్చిన హామీలు ఉండవు. ప్రచారంలో ఇంటికొచ్చిన కరపత్రం దాచుకుంటే, ఐదేళ్ల తర్వాత అడగడానికి అదే ఆధారం.